ముందరి కాళ్ళు

ఆయిలు కారుతోంది మళ్ళీ.
సీళ్ళు మార్చి ఏడాది తిరగలేదు.
వేల్స్ వాన దేన్నీ ఏడాది ఉండనివ్వదు, లోవ్రీ.
నీ సైకిలు కింద పాత పేపరు పరిచాను.
గొర్రెల వేలం ధరల మీద నల్లటి మరక
మెల్లగా పొట్టేళ్ళ వరస దాకా పాకింది.

"తీసెయ్" అన్నావు.
"కదలని ఫోర్కు వెయ్యి. రాయిలాంటిది."

సున్నం లేకుండా, సిమెంటు లేకుండా
ముప్పై ఏళ్ళుగా కొండవాలున గోడలు పేర్చే మనిషివి,
రాయి అనే మాట నీ నోట తిట్టు కాదని తెలుసు.
అయినా నీ మణికట్టు చూశాను.
నీలం పట్టీ.
టీ కప్పు ఎత్తబోతే
రెండో చెయ్యి పిలవకుండానే సాయం వచ్చింది,
నువ్వు గమనించలేదు.

ముందరి కాళ్ళకి బంధం వేస్తున్నావు సుమా, అన్నాను.
"కుంటికాలు కన్నా కొయ్యకాలు నయం, ఎమ్రిస్."

సరే.
బల్ల మీద మూడు పెట్టాను.

ఉక్కుది. బరువు. కాస్త చాదస్తం.
చివర వాలుగా వంపు, తల దించుకున్నట్టు.
పెద్ద దెబ్బ తగిలితే వంగుతుంది,
వంగానని చెబుతుంది కూడా.

కార్బన్ది చేపముల్లంత తేలిక.
గోటితో కొడితే ఖాళీ పెట్టెలా పలికింది.
లోపల చీలినా పైకి నవ్వుతూనే ఉంటుందేమోనని
భయం. దానిది కాదు, నాది.

అల్యూమినియందాన్ని నువ్వే పక్కకి తోసేశావు,
గోడకి పనికిరాని గుండ్రాయిని తోసినట్టు,
ధర కూడా అడక్కుండా.

ఇక కొలత. అందరూ తప్పేది ఇక్కడే.
ఇరుసు నుంచి పై మెడ దాకా టేపు పట్టాను.
ఐదువందల మిల్లీమీటర్లు.
రాసుకోబోయావు. ఆగమన్నాను.
అది ఎవరూ ఎక్కని సైకిలు పొడుగు.

ఎక్కు.

మోచెయ్యి గోడకి ఆనించి ఎక్కావు,
బురదబూట్లతో, నడుముకున్న సుత్తితో సహా.
పాత ఫోర్కు నిట్టూర్చి కిందికి దిగింది.
మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ చదివాను:
నాలుగువందల డెబ్బై అయిదు.

తగ్గిన ఈ ఇరవై అయిదూ నువ్వే.
నీ ఒళ్ళు, నీ సుత్తి, పొద్దున తిన్న రొట్టె.
ఖాళీ కొలత నమ్మి పొడుగుది బిగిస్తే
ముక్కు పైకెత్తుకుంటుంది సైకిలు,
ఎక్కుడులో నీ మాట వినదు.
మరీ పొట్టిదైతే దిగుడులో
చెంబులో నీళ్ళు ఒంపినట్టు నిన్ను ముందుకి ఒంపేస్తుంది.
అంతా కలిపి ఒకటో రెండో డిగ్రీల తేడా.

"గోడకీ అంతే" అన్నావు దిగుతూ.
"పునాదిరాయి వేలెడు వాలితే
భుజమెత్తుకి వచ్చేసరికి గొర్రె దూకుతుంది."

ఉక్కుదే ఎంచావు. నాకు తెలుసు ఎంచుతావని.
పై గొట్టం కోసేముందు మాత్రం మూడుసార్లు అడిగాను,
కోశాక అతికేది కాదు కదా.
నువ్వు మూడుసార్లూ "ఊఁ" అన్నావు,
మూడోదానికి విసుగ్గా.

అడుగు రింగు దిగకపోతే నీ సుత్తే అడిగాను.
ఒకటి. రెండు.
మూడో దెబ్బకి శబ్దం మారింది.
ఇద్దరం ఒకేసారి తలెత్తాం.
కూర్చున్న రాయి చప్పుడు అది,
దానికి నాకన్నా నువ్వే పాత చుట్టానివి.

పదిరోజులకి వచ్చావు.
చెంప మీద ఎండిన బురద, పట్టీ అలాగే ఉంది.

నొప్పా?

"ఉంది."

మరి?

కాసేపు ఆలోచించావు.
"పాతది దారంతా తనే మింగేసేది.
క్వారీ దారిలో ఎన్ని రకాల రాళ్ళున్నాయో
మొన్ననే తెలిసింది.
మలుపు దగ్గర ఒకటి వదులైంది, వెళ్ళి సర్దాలి."

ఏమనాలో తోచలేదు.
వంగి, నీ ముందు టైరులో గాలి
రెండు వేళ్ళతో నొక్కి కాస్త వదిలాను.
నా దుకాణంలో ఉచితంగా దొరికే మెత్తదనం
అదొక్కటే.